ఆరాంగోడీబీలో ఎడ్జ్‌లన్నీ ఒకే కలెక్షన్‌లో ఉన్నాయా?

ఆరాంగోడీబీ అనే గ్రాఫ్ డేటాబేస్‌లో ఫాలో, లైక్, కామెంట్ లాంటి ఎడ్జ్‌లు (రెండు డాక్యుమెంట్లను కలిపే లింకులు) అన్నీ ఒకే ఎడ్జ్ కలెక్షన్‌లో (పట్టిక లాంటిది) వేసి "టైప్" ఫీల్డ్‌తో వేరు చేస్తుంటే, లక్షల లైకులున్న పోస్టు దగ్గరికి రాగానే క్వెరీ నత్తనడకే. ఎడ్జ్ కలెక్షన్‌తో పాటు దానంతటదే వచ్చే ఇండెక్స్‌లో (త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచికలో) ఫ్రమ్ (లింకు ఎక్కడ మొదలవుతుందో), టూ (ఎక్కడ ముగుస్తుందో) మాత్రమే ఉంటాయి, టైప్ ఉండదు, అందుకే పది కామెంట్ల కోసం ఆ లైకులన్నీ కూడా తిరగేస్తుంది.

టైపులు నాలుగైదే అయితే ఒక్కోదానికి ఒక ఎడ్జ్ కలెక్షన్ పెట్టేయండి, క్వెరీలో కావాల్సిన కలెక్షన్ పేరు మాత్రమే రాయండి. మిగతావాటిని అది ముట్టుకోదు. నాకైతే ఇదే నచ్చుతుంది, క్వెరీ చదవడానికి కూడా హాయిగా ఉంటుంది.

డేటా ఇప్పుడు కదపలేం అనుకుంటే, అదే కలెక్షన్‌పై రెండు ఫీల్డులతో ఒక పర్సిస్టెంట్ రకం ఇండెక్స్ వేయండి: అవుట్‌బౌండ్ (బయటికి వెళ్లే లింకులు) వెతుకుతుంటే ముందు ఫ్రమ్, తర్వాత టైప్, ఇన్‌బౌండ్ (లోపలికి వచ్చే లింకులు) అయితే ముందు టూ, తర్వాత టైప్. ఈ వరుస తప్పితే లాభం ఉండదు. ఎనీ (రెండు వైపులా) వాడితే రెండు ఇండెక్సులూ కావాలి. వేశాక ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ఎలా నడుస్తుందో చూపించేది) కొట్టి, కొత్త ఇండెక్స్‌నే వాడుతోందో లేదో చూడండి, లేకపోతే ఏ ఇండెక్స్ వాడాలో చెప్పే ఇండెక్స్ హింట్ ఇవ్వొచ్చు.

ఒక్క జాగ్రత్త: టైపులు వందల్లో ఉంటే మాత్రం కలెక్షన్లుగా విడదీయకండి. క్లస్టర్‌లో (చాలా సర్వర్లు కలిసి నడిచేచోట) ప్రతి కలెక్షన్‌కీ దాని షార్డులు (సర్వర్లకు పంచే డేటా ముక్కలు) దానికుంటాయి, ఆ భారమే ఎక్కువైపోతుంది. అలాంటప్పుడు ఇండెక్స్ దారే మేలు, కాకపోతే ప్రతి ఇన్సర్ట్‌కీ కాస్త అదనపు ఖర్చు పడుతుంది.