హాస్టల్లో పళ్ళ క్లిప్పులతో రెండేళ్ళు

నా పై వరసలో ముందు పళ్ళు రెండింటికీ అటూ ఇటూ ఉన్న పళ్ళ మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గుర్తులున్నాయి. మధ్యలో చదరంగా మామూలు రంగు, చుట్టూ తెలుపు. ఆ చదరం క్లిప్పుల బ్రాకెట్, అంటే తీగని పట్టి ఉంచడానికి పంటికి అతికించే చిన్న లోహపు ముక్క, ఉన్న చోటు. పళ్ళు చక్కగా వరసలోకి వచ్చాయి, ఈ మచ్చలు మాత్రం ఉండిపోయాయి. విజయవాడలో ఇంటర్ హాస్టల్లో చేరిన మొదటి నాలుగు నెలల్లోనే ఇవి పడ్డాయి. ఈ జూన్‌లో మా బాబాయి కొడుకు కూడా క్లిప్పులతోనే హాస్టల్‌కి వెళ్తున్నాడు. వాడికి ఫోన్లో చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. మాది తెనాలి. పదో తరగతి పరీక్షలయ్యాక సెలవుల్లో అక్కడే క్లిప్పులు వేయించారు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. తెనాలి దగ్గరే, రైలు ఎక్కితే ఎంతోసేపు పట్టదు. కానీ హాస్టల్లో ఔట్‌పాస్ ఆదివారమే ఇచ్చేవారు, ఆదివారం క్లినిక్ తెరిచేవారు కాదు. అలా మూడు నెలలు వెళ్ళనే లేదు. చివరికి నాన్న సూర్యారావుపేటలో ఇంకో డాక్టర్‌ని చూసి మార్పించారు. మధ్యలో మార్చడం తేలిక కాదు. ఎక్స్‌రేలు, పళ్ళ అచ్చులు, అప్పటిదాకా ఏం చేశారో రాసిన కాగితాలు అన్నీ మోసుకెళ్ళాలి, ఫీజు మళ్ళీ కట్టాలి. అందుకే వచ్చే రెండేళ్ళు మీరు ఏ ఊళ్ళో ఉంటారో ఆ ఊళ్ళోనే వేయించుకోండి. చాలా క్లినిక్‌లకి ఆర్థోడాంటిస్ట్, అంటే క్లిప్పులు వేసే డాక్టర్, వారంలో ఒకటి రెండు రోజులే వస్తారు. ఆ రోజులు ఏవో ముందే అడిగి, మీ ఔట్‌పాస్ రోజుకి కుదురుతుందో లేదో చూసుకోండి. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ కూడా ఉంది. ఖర్చు గురించి ఆలోచించేవాళ్ళు అక్కడ కూడా కనుక్కోవచ్చు.

ఇక మచ్చల విషయం. ఇది కెమిస్ట్రీలో మనం చదివేదే. తిన్న తీపినీ, పిండి పదార్థాన్నీ పాచిలోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి పడితే పంటి పైపొర, అంటే ఎనామిల్, లోంచి కాల్షియం కరిగిపోవడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. మామూలు పంటి మీద నాలుక, పెదవి తగిలి కొంత పాచి పోతుంది. బ్రాకెట్ చుట్టూ, తీగ కింద అవి చేరవు. పాచి అక్కడ అలాగే ఉండిపోతే ఒక్క నెలలోనే తెల్లమచ్చ కనిపించవచ్చు. అది పుచ్చుకి మొదటి మెట్టు.

నేను చేసిన తప్పు చెప్తాను. పొద్దున్న 5:30కి లేపేవారు. లేవగానే బ్రష్ చేసి స్టడీ అవర్‌కి పోయేదాన్ని. తర్వాత టిఫిన్, అక్కణ్ణించి అటే క్లాసు. రాత్రి స్టడీ అవర్ అయ్యేసరికి పదిన్నర, నిద్ర ముంచుకొచ్చి అలాగే పడుకునేదాన్ని. అమ్మ పంపిన సున్నుండలు డబ్బాలో మంచం పక్కనే ఉండేవి. చదువుతూ గంటకొకటి సగం సగం కొరుక్కునేదాన్ని. రోజంతా నోట్లో ఆమ్లం ఆగకుండా తయారవుతూనే ఉందన్నమాట. ఎంత తీపి తిన్నామన్నది ఒక లెక్కయితే, ఎన్నిసార్లు తిన్నామన్నది అంతకంటే పెద్ద లెక్క. సున్నుండ తినాలనిపిస్తే భోజనం అవగానే తినేసి, నోరు కడుక్కోండి. కూల్‌డ్రింకూ అంతే, గంటసేపు గుక్క గుక్కగా తాగడం అన్నిటికంటే చెడ్డది.

డాక్టర్ మచ్చలు చూపించిన రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. రాత్రి బ్రష్ ఎట్టి పరిస్థితుల్లో మానకూడదు, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. దానికి అయిదు నిమిషాలు కేటాయించండి. పొద్దున్నది టిఫిన్ తర్వాతకి మార్చుకోగలిగితే మంచిది. మధ్యాహ్నం కుళాయి దగ్గర క్యూ ఉంటే కనీసం నీళ్ళు బలంగా పుక్కిలించండి.

మెత్తటి కుచ్చున్న చిన్న బ్రష్ తీసుకోండి. ఒక్కో పన్నుకీ మూడు చోట్ల పెట్టాలి. మొదట చిగురు, పన్ను కలిసే చోట కొంచెం వాలుగా. తర్వాత బ్రాకెట్ పై అంచు మీద, ఆ తర్వాత కింది అంచు మీద. లోపలివైపూ నమిలేవైపూ మామూలుగానే. దీనితో పాటు ఇంటర్‌డెంటల్ బ్రష్ అని మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. సీసాలు కడిగే బ్రష్‌ని అగ్గిపుల్లంత చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దాన్ని తీగ కిందుగా, రెండు బ్రాకెట్ల మధ్య పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి దూర్చి తిప్పాలి. గోంగూర పీచు, మునక్కాయ నార బయటికొచ్చేది దీనితోనే. హాస్టల్లో ఫోన్ ఉండదు కాబట్టి చేతి అద్దం ఒకటి పెట్టుకోండి. బ్రాకెట్ లోహం తళతళలాడితే పని అయినట్టు, మసకగా ఉంటే పాచి ఇంకా ఉన్నట్టు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని చాలామంది అక్కడ బ్రష్ చేయడం మానేస్తారు. పాచి పేరుకుని చిగురు వాచడం వల్లే సాధారణంగా ఆ రక్తం. మెత్తగా, శ్రద్ధగా రోజూ తోమితే వారం పది రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి. ట్యూబు మీద 1000 పీపీఎం అని ఉందేమో చూడండి. దీని మీద మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా నాయనమ్మ పుట్టిల్లు కనిగిరి వైపు. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్‌తో పళ్ళు గోధుమరంగుకి తిరగడం, కాళ్ళు వంకర పోవడం ఆవిడ కళ్ళారా చూసింది. "ఆ విషం పిల్ల నోట్లో ఎందుకురా" అని నాన్నని అడిగింది. ఆవిడ భయం నిజమైనదే. కానీ అది ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళని ఏళ్ళ తరబడి తాగడం వల్ల వచ్చేది. పళ్ళ మీద ఆ మచ్చలు చిన్నప్పుడు, చిగుళ్ళ లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడతాయి. పేస్టు మనం మింగం, తోమి ఉమ్మేస్తాం. ఆ కాసింత ఫ్లోరైడ్ కరిగిన ఎనామిల్‌ని మళ్ళీ గట్టిపరుస్తుంది. అందుకే తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి, వెంటనే నాలుగైదుసార్లు పుక్కిలిస్తే పేస్టు చేసే మేలంతా నీళ్ళలో పోతుంది.

తిండిలో నాకు బ్రాకెట్ ఊడింది రెండుసార్లు. ఒకసారి చెగోడీ వల్ల, ఇంకోసారి ఆవకాయ ముక్క టెంక వల్ల. ఆవకాయ మానక్కర్లేదు, ఊట కలుపుకోండి, టెంకున్న ముక్క పక్కన పెట్టండి. జామకాయ, యాపిల్ సన్నగా కోసుకుని వెనక పళ్ళతో నమలండి. మొక్కజొన్న పొత్తు కొరకొద్దు, గింజలు ఒలుచుకోండి. చెరుకు, పల్లీ పట్టీ, ఐసు ముక్కలు, సాగే చాక్లెట్ల జోలికి ఆ రెండేళ్ళూ వెళ్ళొద్దు. పెన్ను మూత కొరికే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి. తీగని బ్రాకెట్‌కి పట్టి ఉంచే చిన్న రబ్బర్లు రంగులేనివి వేయించుకుంటే సాంబారులో పసుపుకి నాలుగు రోజుల్లో పచ్చబడతాయి. ముదురు నీలం రంగు వేయించుకున్నాక నాకు ఆ బాధ తప్పింది.

తీగ టైట్ చేశాక రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది, చపాతీ నమలలేం. సాంబారులో నానిన ఇడ్లీ, పప్పన్నం, పెరుగన్నంతో గడిచిపోతుంది. నొప్పి మాత్ర డాక్టర్ చెప్పిందే వేసుకోండి. వీకెండ్ ఎగ్జామ్‌కి ముందు మాత్రం అపాయింట్‌మెంట్ పెట్టుకోకండి, పరీక్ష అయ్యాక పెట్టుకోండి.

తీగ చివర బుగ్గకి గుచ్చుకుంటే టెన్షన్ పడొద్దు. డాక్టర్ ఇచ్చే మైనం బఠాణీ గింజంత తీసుకుని, ఆ చోటు దూదితో తడి లేకుండా తుడిచి, దాని మీద అద్దండి. నా రూమ్మేట్ నెయిల్ కట్టర్‌తో కత్తిరిద్దామంది. అలా చేయకండి, తెగిన ముక్క గొంతులోకి పోవచ్చు. పుండు పడితే గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. బ్రాకెట్ ఊడి తీగకి వేలాడుతుంటే లాగకుండా మైనం పెట్టి, ఆ రోజే వార్డెన్ ఫోన్ నుంచి ఇంటికి చెప్పండి. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగితే ఆ పన్ను కదలడం ఆగిపోతుంది. పై పళ్ళకీ కింది పళ్ళకీ తగిలించే రబ్బరు బ్యాండ్లు ఇస్తే, డాక్టర్ చెప్పినన్ని గంటలూ పెట్టుకోండి. నాకు రోజుకి 22 గంటలు చెప్పారు, అంటే తినేటప్పుడూ తోమేటప్పుడూ తప్ప ఎప్పుడూ ఉండాలి.

క్లిప్పులు తీసిన రోజు అంతా అయిపోయిందనుకుంటాం. పంటి చుట్టూ ఉన్న నారలు కొత్త చోటికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది, వదిలేస్తే పళ్ళు వెనక్కి జరుగుతాయి. అందుకే రిటైనర్ ఇస్తారు, అంటే పళ్ళని కొత్త చోటే పట్టి ఉంచేది, పెట్టుకుని తీయగలిగేది. దాన్ని వేడినీళ్ళతో కడిగితే వంగిపోతుంది, చన్నీళ్ళే వాడండి. మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో భోజనానికి కూర్చునేటప్పుడు నాది తీసి టిష్యూలో చుట్టి ఆకు పక్కన పెట్టాను. చేయి కడుక్కుని వచ్చేసరికి ఆకులన్నీ ఎత్తేశారు. వెనక పెరట్లో గంపల్లో నాన్న, నేను గంటసేపు వెతికినా దొరకలేదు. మళ్ళీ అచ్చు తీసి కొత్తది చేయించాల్సి వచ్చింది. దానికి గట్టి డబ్బా తీసుకోండి, ఎర్రటిది, దూరం నుంచి కనిపించేది. నాది ఇప్పుడు ఎప్పుడూ బ్యాగు ముందు జేబులో ఉంటుంది.