బిజినెస్ వార్తలు చదవడం నేర్చుకుందాం – 4: అడ్డు పెట్టిందెవరు?

పోయిన భాగంలో ఆదాయానికీ లాభానికీ తేడా చూశాం కదా, ఈసారి ఆ లాభం ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకుందాం. ఏదో కంపెనీకి భారీ లాభాలని వార్త రాగానే కొందరు ఫ్రీ మార్కెట్ గొప్పతనం చూడండని చప్పట్లు కొడతారు, ఇంకొందరు దాన్నే తిట్టిపోస్తారు, రెండు పక్షాలూ కంపెనీ, మార్కెట్ ఒకటే అనుకుంటాయి. మీరు ముందు ఒక్కటే అడగండి: పోటీకి వచ్చేవాడికి అడ్డు పెట్టిందెవరు?

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. బిల్డర్ ఒకే ఇంటర్నెట్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు, ఇంకొకరి కేబుల్‌ని వాచ్‌మన్ గేటు దాటనివ్వడు. అక్కడ నెల బిల్లు పెరిగితే ఆ డబ్బు సర్వీసుకి కాదు, గేటుకి.

ఇదేం కొత్త జబ్బు కాదు. రెండు వందల ఏళ్ల కిందట మన హైదరాబాద్‌లోనే పామర్ అండ్ కంపెనీ నిజాం సర్కారుకు అప్పులిచ్చేది. తెల్లవాళ్లు దేశీ రాజులకు అప్పులివ్వకూడదని 1797 చట్టం ఉన్నా, 1816లో గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ (వారన్ హేస్టింగ్స్ కాదు) ఈ సంస్థకు మినహాయింపు ఇచ్చాడు. వడ్డీ ఏడాదికి నూటికి పాతిక దాకా! పైగా హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయిని పెళ్లాడిన రంబోల్డ్ అందులో భాగస్వామి. 1820లో రెసిడెంట్‌గా, అంటే నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, వచ్చిన మెట్‌కాఫ్ లెక్కలు తవ్వాక బండారం బయటపడింది, కొన్నేళ్లకే సంస్థ మునిగింది. దాన్ని స్వేచ్ఛా వ్యాపారం అనగలమా?

ఉదారవాదులు, అంటే ఫ్రీ మార్కెట్ కావాలనేవాళ్లు, ఇవన్నీ సమర్థిస్తారనే మాట కూడా తప్పే. 1776లోనే ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ తన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ పుస్తకంలో ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని ఉతికి ఆరేశాడు. ఆయన్ని కార్పొరేట్ల వకీలుగా చూపించేవాళ్లు ఆ పేజీలు తిప్పినట్టు లేరు.

మరి పెద్ద కంపెనీ కావడమే నేరమా? గుత్తాధిపత్యాన్ని అదుపు చేయడానికి తెచ్చిన మన 1969 ఎంఆర్‌టీపీ చట్టం సైజునే అనుమానించేది. 2002 కాంపిటీషన్ చట్టం సెక్షన్ 4 మాత్రం ఆధిపత్యం జోలికి పోదు, దాన్ని దుర్వినియోగం చేస్తేనే పట్టుకుంటుంది. నాకైతే ఇదే సబబు. కాకపోతే అడ్డు ప్రతిసారీ సర్కారే పెట్టదు: ఖర్చుకన్నా తక్కువకి అమ్మి, చిన్నవాళ్లు షట్టర్లు దించాక రేట్లు పెంచేవాడూ అడ్డు పెట్టినట్టే, సర్కారు తప్పులు తప్ప ఇంకేవీ కనబడని ఉదారవాదులు ఇక్కడే బోల్తా పడతారు.

హోంవర్క్: ఈ వారం పేపర్లో ఒక లాభాల వార్త ఎంచుకోండి. ఆ లాభం లైసెన్సుదా, ఒప్పందానిదా, నష్టానికి అమ్మి పోటీని తరిమేయడం వల్లా, లేక నిజంగానే సరుకు బాగుండటం వల్లా అన్నది పక్కన పెన్సిల్‌తో రాయండి. రెండు కారణాలు కలిసి ఉంటే రెండూ రాయండి, చాలాసార్లు అలాగే ఉంటుంది. వచ్చే భాగంలో మార్కెట్ వాటాలు లెక్కగడదాం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.