శ్రుతి చేసినా పై ఫ్రెట్‌లలో అపశ్రుతి: నా అనుభవం

నా ఎలక్ట్రిక్ గిటార్‌లో ఎక్కడా నొక్కకుండా మీటే విడి తీగలన్నీ ట్యూనర్‌కి సరిపోయేవి, కానీ ఏడో ఫ్రెట్ (నెక్, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దాటి కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) పట్టుకుంటే చెవికి గుచ్చుకునేది. ట్యూనర్ మార్చడం, వేళ్ల ఒత్తిడి తగ్గించడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి సమస్య తేలింది బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) దగ్గర. ముందు కొత్త తీగలు వేసి, సాగదీసి, శ్రుతి చేశాను. పాతవాటితో మొదలుపెట్టకండి, కొలత నిలవదు. తర్వాత 12వ ఫ్రెట్ మీద తీగను తేలిగ్గా తాకి హార్మోనిక్ (నొక్కకుండా తాకితే వచ్చే గంటలాంటి స్వరం) మోగించాను. అక్కడే నొక్కి మళ్లీ మీటాను. నొక్కిన స్వరం హార్మోనిక్ కంటే హెచ్చుగా ఉంటే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్క) నెక్‌కి దూరంగా, తగ్గితే దగ్గరగా జరపాలి. శాడిల్ స్క్రూ కొద్దిగా తిప్పిన ప్రతిసారీ విడి తీగను మళ్లీ శ్రుతి చేశాకే పోల్చాలి, అసలు కిటుకు ఇదే. ఆ తర్వాత పై కార్డులు ఎంత హాయిగా పలికాయో!

శాడిళ్లు విడివిడిగా జరిగే గిటార్లకే ఇది వర్తిస్తుంది. మామూలు అకూస్టిక్‌లో కుదరకపోవచ్చు. నెక్ వంపు తేడాగా ఉంటే ముందు అది సరిచేయించాలి.