స్వీడిష్‌లోకి ‘మైండ్’ని తెచ్చేటప్పుడు
ఇంగ్లిష్ నుంచి స్వీడిష్‌లోకి అనువదించేటప్పుడు ‘మైండ్’ అనే మాట బాగా ఇబ్బంది పెడుతుంది. డిక్షనరీలో కనిపించే ‘సిన్నె’నే అన్నిచోట్లా పెట్టేయకండి. ముందు వాక్యంలోంచి మైండ్‌ని తీసేసి, అక్కడ మనిషి ఏం చేస్తున్నాడో చెప్పుకోండి.

మనసు మార్చుకున్నాడా? స్వీడిష్‌లో మనసు ఊసే రాదు. ‘ఎండ్రా సేయ్’ అంటారు, అంటే తనను తాను మార్చుకోవడం. ఒక నిర్ణయానికి రావడమైతే ‘బెస్తెమ్మా సేయ్’. మనశ్శాంతికి మాత్రం సిన్నెతో కట్టిన ‘సిన్నెస్‌రూ’ చక్కగా సరిపోతుంది. ఎదుటివాళ్ల మనసు చదివేవాడు ‘తాంకెలేసారె’, ఆలోచనలు చదివేవాడన్నమాట. తత్వశాస్త్రంలో అయితే ‘మేద్‌వేతాందె’ వస్తుంది, అంటే చైతన్యం.

మనకిది కొత్తేం కాదు. మనసు, బుద్ధి, మతి మన భాషలోనూ ఒకదాని చోట ఒకటి కుదరవు. ‘మతిమరుపు’ అంటాం గానీ ‘బుద్ధిమరుపు’ అనం కదా.

ఎంచుకున్న మాటను స్వెన్స్కా డాట్ ఎస్ఈ సైట్‌లో సరిచూసుకోండి. స్వీడిష్ అకాడమీ నిఘంటువులు మూడూ అక్కడ ఉచితంగా ఉంటాయి. అర్థం కన్నా ముందు, వాటిలో ఒకటైన ‘ఎస్ఓ’ (స్వెన్స్క్ ఊర్ద్‌బూక్) నిఘంటువులోని ఉదాహరణ వాక్యాలు చదవండి. నాకు ఎక్కువ పనికొచ్చేవి అవే.