డ్రయ్యర్ ట్యాంక్ ఖాళీగా ఉన్నా ఫుల్ అని చూపిస్తుంటే

మన తిరుపతిలో అక్టోబర్, నవంబర్ వానలకి మిద్దె మీద బట్టలు ఆరవు, సరిగ్గా అప్పుడే కండెన్సర్ డ్రయ్యర్ (బట్టల్లోంచి తీసిన నీటిని ట్యాంకులో పట్టే బట్టలారబెట్టే మిషన్) ట్యాంక్ ఖాళీగా ఉన్నా ఫుల్ అని కోడ్ చూపించి ఆగిపోతుంది. మెకానిక్‌కి ఫోన్ చేసేముందు ఇది చూడండి. ప్లగ్ పీకేసి అరగంట చల్లారనిచ్చి, కింద మూత తెరిచి కండెన్సర్ (ఆవిరిని నీళ్లుగా మార్చే రేకుల పెట్టె) బయటికి లాగి కుళాయి కింద రేకుల సందుల్లోంచి నీళ్లు పోయేలా కడగండి, బ్రష్షు మాత్రం వద్దు, రేకులు వంగిపోతాయి. అసలు సంగతి కండెన్సర్ కూర్చునే గూట్లో ఉంటుంది, అడుగున బట్టల నూగు తడిసి బూడిదరంగు ముద్దలా పేరుకుని ఫ్లోట్‌కో (నీటిమట్టాన్ని బట్టి తేలే ముక్క) పంపుకో అడ్డం పడుతుంది, తడిగుడ్డతో అదంతా తీసేసి, కండెన్సర్‌లో నీళ్లు కారిపోయాక మళ్లీ బిగించండి. హీట్ పంప్ మోడల్ అయితే లోపలి కండెన్సర్ మామూలుగా బయటికి రాదు, బలవంతంగా లాగొద్దు. ఇంత చేసినా అదే కోడ్ వస్తే పంపో సెన్సరో పోయుంటుంది, అప్పుడు మెకానిక్‌ని పిలవాల్సిందే.