నీలం లేజర్ మసకగా ఉందని పవర్ పెంచకండి: నవరాత్రుల ముందు లైటింగ్ వాళ్లకు జాగ్రత్తలు

వినాయక చవితి వస్తోందంటే నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా సౌండ్, లైటింగ్ వాళ్లకు నిద్ర ఉండదు. ఈ ఏడు కొత్తగా ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపే) లేజర్ ప్రొజెక్టర్ కొన్నవాళ్లు, పాత పెట్టెలో నీలం డయోడ్ (లేజర్ వెలుగునిచ్చే చిన్న భాగం) మార్చాలనుకునేవాళ్లు సామాను బండికెక్కించే ముందు ఇది చదవండి. మనందరం చేసే తప్పు ఒకటే, నీలం కంటికి తక్కువ ఆనితే దానికి బలం లేదనుకుంటాం.

నీలం అని అమ్మేవన్నీ ఒక రంగు కావు. వెలుగు రంగును దాని అల పొడవుతో, నానోమీటర్లలో చెప్తారు. 405 నానోమీటర్లది అసలు ఊదా. ఇప్పుడు ఎక్కువ పెట్టెల్లో వచ్చేది 445 నుంచి 450 మధ్య ఉండే ముదురు నీలం. 465 దగ్గర ఉన్నది మనం మామూలుగా నీలం అనుకునే నీలం. 473 పాత క్రిస్టల్ లేజర్లలో కనిపిస్తుంది. అదే పవర్‌లో 445 కన్నా 465 మన కంటికి దాదాపు రెండున్నర రెట్లు, 473 సుమారు మూడున్నర రెట్లు వెలుగుగా కనిపిస్తుంది. 405 అయితే 445లో నలభయ్యో వంతు కూడా ఆనదు. ఇంకోలా చెప్తాను. ఒక వాట్ 445 నీలం కంటికి ఆనేది 520 నానోమీటర్ల ఆకుపచ్చ 40 మిల్లీవాట్లు ఆనినంతే, కానీ కంట్లో పడితే రెటీనా (కంటి లోపలి వెనక పొర) మీద చేరే వేడి మాత్రం పూర్తి వాట్‌ది. దానికి తోడు నీలం వెలుగు రెటీనాకి రసాయనికంగా చేసే హాని 435-440 దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ, అంటే మన 445 దాని పక్కనే కూర్చుంది.

రంగులు కలపడంలో మాత్రం 445ని తీసిపారేయకండి. తెల్లరంగు తేవడానికి అది తక్కువ పవర్‌తోనే సరిపోతుంది, 638 ఎరుపుతో కలిపితే మంచి ముదురు వంగపండు రంగు వస్తుంది. 465తో అదే కలిపితే కాస్త వెలిసినట్టు, రాణి రంగు వైపు పోతుంది. పచ్చతో కలిపి నెమలి కంఠం రంగు తేవాలంటే, విడిగా నీలం గీత దూరానికి కనిపించాలంటే 465 మేలు. నన్నడిగితే, నీలం గీత చాలట్లేదని 445ని రెట్టింపు చేసేకన్నా దాని పక్కన చిన్న 465 పెట్టుకోవడం మంచిది. 405 కలిపి 'నీలం ఇన్ని వాట్లు' అని లెక్క చూపించే పెట్టె జోలికి పోకండి, దానితో కనిపించే రంగు తక్కువ, జనం తెల్ల చొక్కాలు మెరవడం ఎక్కువ.

తెలుపు సెట్ చేసేటప్పుడు తొందర వద్దు. ఎరుపు డయోడ్ వేడెక్కేకొద్దీ డల్ అవుతుంది, సాయంత్రం ఏడింటికి పాలలా ఉన్న తెలుపు పదింటికి నీలంగా మారేది అందుకే. పెట్టెను పదిహేను ఇరవై నిమిషాలు నడిపాక చూడండి, తేడా వస్తే ఎరుపు కరెంట్ పెంచకుండా నీలం, పచ్చ తగ్గించండి. మెరిసే ఫ్లెక్సీ మీద చూడొద్దు. సున్నం గోడ మీద చూసినా, అందులో నీలిమందు కలిపారేమో అడగండి, మోసపోతాం. వయసు కూడా ఒక లెక్కే. మా దగ్గర అరవై దాటిన పెద్దాయన ఒకాయన, ఇరవై ఏళ్ల తమ్ముడు ఒకడు ఉన్నారు, ఒకే గోడ చూసి ఆయన పసుపంటాడు, వీడు నీలమంటాడు. వయసు పెరిగితే కంటి కటకం పసుపెక్కి నీలాన్ని ఆపేస్తుంది. పెద్దాయన మాట విని నీలం పెంచితే ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్లల మాటేమిటి? వాళ్ల కటకం నీలాన్ని మనకన్నా ఎక్కువ లోపలికి పోనిస్తుంది.

ఇంకోటి, దూరంగా పడ్డ నీలం చుక్క చుట్టూ పొగలా మసక కనిపిస్తుంది. అది చాలాసార్లు లెన్సు తప్పు కాదు, మన కన్ను నీలాన్ని రెటీనాకి ముందే ఫోకస్ చేస్తుంది కాబట్టి అలా ఉంటుంది. దానికోసం మూత తీసి, రంధ్రంలోకి వంగి చూడకండి. ఆఫ్ చేశామన్నా చూడకండి.

రెండేళ్ల కింద దేవరకొండ వైపు ఒక ఊళ్లో మా హెల్పర్ తమ్ముడికి దెబ్బ తగిలింది. కిరణం నేరుగా తగల్లేదు. ఎవరో హారతి అయ్యాక ఇత్తడి తాంబాలం స్టేజీ పక్కన నిలబెట్టారు, పసుపు కుంకుమ తుడిచేసి తళతళలాడుతోంది, నేను నీలం గీతను కిందికి దించాను, అంతే. ఆ రాత్రి ఏ మొహం చూసినా మధ్యలో ఒక మచ్చ ఉందన్నాడు. వాడు డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు నాకు చేతులు వణికాయి. కాలిన రెటీనాని మళ్లీ మామూలుగా చేస్తామని ఏ డాక్టరూ గ్యారంటీ ఇవ్వలేడు. 500 మిల్లీవాట్లు దాటితే క్లాస్ 4, అంటే లేజర్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి కిందికి వస్తుంది, మనం వాడేవి చాలావరకు అవే, రెప్ప వేసేలోపే పని జరిగిపోతుంది. అందుకే ఇప్పుడు షోకి ముందు నేనే మండపం అంతా తిరిగి తాంబాలాలు, స్టీలు బిందెలు, అద్దాల తోరణాలు, వెండి కాగితం కిరణం దారిలో లేకుండా తీయిస్తాను.

కిరణాలు జనం నిలబడే నేల నుంచి కనీసం 3 మీటర్లు పైన, పక్కకు 2.5 మీటర్లు ఎడంగా పోవాలన్నది అమెరికాలో పాటించే లెక్క. మన దగ్గర పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుంటారు, డీజే బండి పైన కుర్రాళ్లు నిలబడతారు, కాబట్టి ఇంకా పైకే పెట్టండి. రోడ్డు మీదికి, ఆకాశంలోకి వదలొద్దు, షాద్‌నగర్ వైపు పనిచేసేవాళ్లయితే శంషాబాద్ విమానాలు గుర్తుంచుకోండి. లేజర్ నుంచి కాపాడే కళ్లద్దాలు కొనేటప్పుడు రంగు చూడకండి, వాటి మీద నానోమీటర్ల అంకెలు చదవండి. నారింజ రంగు అద్దాల్లో చాలావరకు నీలం, పచ్చ ఆపుతాయి గానీ ఎరుపును వదిలేస్తాయి.

జనరేటర్ మారేటప్పుడు కరెంట్ పోయి వస్తే పెట్టె తనంతట తాను వెలగకూడదు, స్కానర్ (కిరణాన్ని అటూ ఇటూ తిప్పే అద్దాలు) ఆగిపోతే కిరణం కూడా ఆగాలి. ఈ రెండూ ఇంటి దగ్గరే, గోడ వైపు తిప్పి, పిల్లల్ని బయటికి పంపి పరీక్షించండి. ఎమర్జెన్సీ స్విచ్ వైరు ఆపరేటర్ కుర్చీ దాకా రాకపోతే ఈరోజే పొడిగించుకోండి, పండుగ దగ్గరపడ్డాక ఎలక్ట్రీషియన్ దొరకడు.