మందుల కవర్ల మీద సూర్యుడు, చంద్రుడు

మెడికల్ మిషన్ క్యాంపుల్లో, అంటే చర్చి టీములు వేరే ప్రాంతాలకు వెళ్లి పెట్టే వైద్య శిబిరాల్లో, లైను ఎక్కువగా ఆగిపోయేది మందులిచ్చే బల్ల దగ్గరే. చదువు రానివాళ్లకు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అనువాదకుడి ద్వారా ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది, ఇంటికెళ్లాక మరిచిపోతారు కూడా.

ముందురోజు రాత్రి ప్రార్థన అయ్యాక టీమంతా కూర్చుని, చిన్న జిప్ కవర్ల మీద పర్మనెంట్ మార్కర్‌తో మూడు గడులు గీసిపెట్టుకోండి: పొడుస్తున్న సూర్యుడు, నడినెత్తిన సూర్యుడు, చంద్రుడు. మందు ఇచ్చేటప్పుడు ఎన్ని మాత్రలైతే ఆ గడిలో అన్ని చుక్కలు పెట్టాలి. సగం మాత్రకు సగమే నింపిన గుండ్రం. ఒక కవర్లో ఒకే మందు. వెనకవైపు మందు పేరు, మోతాదు, గడువు తేదీ రాయండి. మనం వెళ్లిపోయాక చూసే డాక్టరుకు అవి కావాలి.

కవరు చేతికిచ్చి, “రాత్రికి ఎన్ని?” అని అడిగి వాళ్ల చేతే చూపించండి. ఎంత రద్దీ ఉన్నా ఇది మాత్రం వదలొద్దు. చాలామంది అర్థం కాకపోయినా మర్యాదకు తలూపుతారు, పాపం.

పిల్లల సిరప్‌లకు ఈ బొమ్మలు సరిపోవు, స్పూన్లు ఇంటికో సైజులో ఉంటాయి. సూది లేని సిరంజి మీద ఎంతవరకు తీయాలో గీత పెట్టి, ఆ సిరంజినే తల్లికి ఇచ్చేయండి.